కంచె లోపలి జాతర

జర్మనీ దేశపు దక్షిణ భాగాన బవేరియా రాష్ట్రం ఉన్నది. దాని రాజధాని మ్యూనిక్. సెప్టెంబరు చివరి వారంలో ఆ నగరంలోని థెరేజియెన్‌వీజె మైదానంలోకి అడుగుపెట్టిన యాత్రికునికి మొదట వినిపించేది సంగీతం కాదు, హోరు. కోటలంతేసి డేరాలు, వాటిలో కొన్నిటిలో ఒక్కొక్క దాని కిందనే ఎనిమిది వేలకు మించిన జనం, బల్లలమీద కెక్కి గొంతెత్తి పాడే యువకులు, ఆకాశంలో తలకిందులుగా తిరిగే ఇనుప బండ్లు, వాటిలో నుంచి వినవచ్చే కేకలు. ఇదే లోకమంతటికీ ఆక్టోబర్‌ఫెస్ట్ అనే పేరుతో తెలిసిన ఉత్సవం. పేరులో అక్టోబరు ఉన్నప్పటికీ ఉత్సవంలో అధికభాగం సెప్టెంబరులోనే గడిచిపోతుంది. చలికి ముందే వేడుక ముగియాలని 1872లో దానిని ముందుకు జరిపారు. 2023లో ఈ ఉత్సవానికి డెబ్బై రెండు లక్షల మంది వచ్చారని లెక్క తేల్చారు.

ఆ హోరులో నుంచి దక్షిణ దిశగా నడిస్తే మైదానం చివర ఒక కంచె కనిపిస్తుంది. కంచెకొక ద్వారం, ద్వారం పక్కన టిక్కెట్లమ్మే గది. ప్రధాన ఉత్సవంలోకి ఎవరైనా ఉచితంగా ప్రవేశించవచ్చు. ఇక్కడ మాత్రం కొద్ది యూరోల రుసుము చెల్లించాలి. ద్వారం దాటగానే చెవులకు విశ్రాంతి దొరుకుతుంది. గొలుసులకు వేలాడే కుర్చీల రంగులరాట్నం మెల్లగా తిరుగుతూ ఉంటుంది. మనిషి తన బలంతోనే ఊపుకొనే పడవ ఊయలలు, చెక్కగుర్రాలు, గాలితిత్తుల సాయంతో తమంత తామే పాడే పెద్ద పెద్ద వాద్యయంత్రాలు, వృత్తి వినోదకారుల కుటుంబాలు తరతరాలుగా దాచుకొన్న చిత్రిత శకటాలు అక్కడ కొలువుతీరి ఉంటాయి. కొన్ని డేరాలలో బీరును గాజు పాత్రలలో గాక, పూర్వకాలపు రాతిపింగాణీ ముంతలలో పోసి ఇస్తారు. ఆటల ధరలు వెలుపలి ధరలకంటె తక్కువ. తాతలు మనుమలను చెక్కగుర్రాలపై కూర్చోబెట్టి, తాము బాల్యంలో ఎక్కినవి అవేనని చూపుతూ ఉంటారు. ఈ ఆవరణను స్థానికులు తమ యాసలో 'ఓయిడె వీజ్న్' అంటారు. 'పాత పచ్చికబయలు' అని దాని అర్థం.

పేరు పాతదే గాని ఈ ఏర్పాటు కొత్తది. అది మొదటిసారి వెలసినది 2010లో. వయస్సులో అది నేటి కళాశాల విద్యార్థులకు ఇంచుమించు సమానం. ఇంత తక్కువ ప్రాయం గల దానిని 'పాత' అని పిలవడం న్యాయమా? రుసుము చెల్లించి చూసే గతం గతమేనా, లేక అంగడి సరకా? ఈ ప్రశ్నలు బవేరియాకు మాత్రమే సంబంధించినవి కావు. తమ పండుగలు తమ కళ్ళయెదుటనే మారిపోతుండగా చూసే ప్రతి జాతీ వేసుకోవలసిన ప్రశ్నలివి. అయితే వీటికి సమాధానం వెదకాలంటే ఆ మైదానపు చరిత్రను కొంత తెలుసుకోక తప్పదు.

1810 అక్టోబరు 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కు, సాక్సె హిల్డ్‌బుర్గ్‌హౌజెన్ రాకుమార్తె థెరేజెకు వివాహం జరిగింది. అయిదు రోజుల తరువాత నగరద్వారం వెలుపలి పచ్చికబయలులో గుర్రపు పందెం ఏర్పాటు చేశారు. ఆ బయలుకు నూతన వధువు పేరు పెట్టారు. థెరేజియెన్‌వీజె అంటే థెరేజె పచ్చిక. మరుసటి ఏడు, 1811లో, పందేనికి తోడుగా వ్యవసాయ ప్రదర్శన వచ్చి చేరింది. మేలుజాతి పశువులను, ఎద్దులను, గుర్రాలను పెంచిన రైతులకు బహుమతులిచ్చారు. 1818 నాటికి రంగులరాట్నం, ఊయలలు వచ్చాయి. 1819లో నగరపాలక సంస్థ నిర్వహణ భారాన్ని స్వీకరించింది. నెపోలియన్ యుద్ధాల వలన 1813లోను, కలరా వలన 1854, 1873 సంవత్సరాలలోను ఉత్సవం ఆగిపోయింది. ఇటీవల కరోనా వలన 2020, 2021లలో కూడా మైదానం వెలవెలబోయింది.

ఈ వరుసలో గమనించవలసిన విశేషం ఒకటున్నది. ఉత్సవానికి మూలం గుర్రపు పందెం. ఆ పందెమే 1938 తరువాత ఏటేటా జరగడం మానేసింది. రెండవ స్థానం పశువులది. అవి నాలుగేండ్ల కొకసారి వచ్చే అతిథులైనాయి. బీరు డేరాలు తరువాత వచ్చినవి. అంటే తొలినాటి ప్రధాన వస్తువు అదృశ్యమై, అనుబంధంగా వచ్చినది సింహాసనం ఎక్కింది. మూలకథ మరుగున పడి ఉపాఖ్యానాలే మిగిలిన పురాణం వంటిది ఈ ఉత్సవం.

గత శతాబ్దపు చివరి దశాబ్దాలలో డేరాలలో సంప్రదాయ వాద్యబృందాల స్థానాన్ని విద్యుత్ వాద్యాల సినిమా తరహా పాటలు ఆక్రమించాయి. వృద్ధులు, పిల్లలుగల కుటుంబాలు దూరం కాసాగాయి. నగరాధికారులు 2005లో ఒక నియమం తెచ్చారు: సాయంకాలం ఆరు గంటల వరకు డేరాలలో ఊదుడు వాద్యాల సంగీతమే వినిపించాలి, ధ్వని 85 డెసిబెల్స్ మించరాదు. ఆ నియమానికి 'ప్రశాంత వీజ్న్' అని పేరు. అయినా నియమంతో హోరును కొంత తగ్గించవచ్చునేమో గాని, పోయిన వాతావరణాన్ని తిరిగి తేవడం సాధ్యం కాదు. ఆ తరుణంలో రెండు వందల సంవత్సరాల వేడుక వచ్చింది. 2010లో మైదానపు దక్షిణ భాగాన్ని వేరుచేసి, పాత ఆటలను, పాత సంగీతాన్ని, గుర్రపు పందేన్ని కూడా ఒక్క ఏటికని పునరుద్ధరించారు. అనుకొన్నదానికంటె ఎంతో అధికంగా జనం వచ్చారు. ఒక్క ఏటితో ముగియవలసినది ఆ తరువాత కూడా కొనసాగింది.

జనం అంతగా ఎందుకు వచ్చారు? దీనికి సమాధానంగా ఐరోపా వారు 'నాస్టాల్జియా' అనే మాట వాడతారు. ఆ మాట పుట్టుక విచిత్రమైనది. 1688లో బాసెల్ విశ్వవిద్యాలయంలో యొహాన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో దానిని సృష్టించాడు. 'నోస్తోస్' అంటే ఇంటికి మరలిరావడం, 'ఆల్గోస్' అంటే నొప్పి. పరదేశాలలో కొలువు చేసే స్విస్ సైనికులు ఇంటిమీది బెంగతో కృశించిపోవడం చూసి, దానిని ఒక వ్యాధిగా వర్ణించడానికి అతడు రెండు గ్రీకు శబ్దాలను కలిపి సమాసం చేశాడు. నాడు అది చోటు కోసం పడే బెంగ. నేడది కాలం కోసం పడే బెంగగా అర్థం మార్చుకొన్నది. విడిచి వచ్చిన ఊరికి తిరిగి వెళ్ళవచ్చు. విడిచి వచ్చిన కాలానికి బండి లేదు. అందుకే కాలం కోసం బెంగపడే మనిషికి ఎవరైనా ఒక కంచె వేసి, లోపల నాలుగు పాత వస్తువులు అమర్చి, 'ఇదిగో నీ కాలం' అంటే అతడు సంతోషంగా రుసుము చెల్లిస్తాడు.

ఇక్కడే విమర్శకులు ఆక్షేపణ చేస్తారు. ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ అనే చరిత్రకారుల సంపాదకత్వంలో 1983లో వెలువడిన 'సంప్రదాయ కల్పన' అనే వ్యాససంపుటి పండితులకు ఒక పదునైన ఆయుధాన్ని అందించింది. అనాదిగా వస్తున్నవని చెప్పుకొనే ఆచారాలలో అనేకం ఇటీవలి శతాబ్దాలలో ఎవరో ఒకరు ప్రయోజనాపేక్షతో కల్పించినవే అని దాని సారాంశం. బవేరియా దీనికి చక్కని ఉదాహరణ. 1806లో రాజ్యంగా ఏర్పడి, కొత్త ప్రాంతాలను కలుపుకొన్న దేశానికి ఏకత్వ భావన అవసరమైనది. 1810 నాటి ఉత్సవంలోనే రాజ్యంలోని వివిధ మండలాల వేషధారణలో పిల్లల జంటలను రాజకుటుంబం ఎదుట నడిపించారు. అంటే తొలినాడే సంప్రదాయం ప్రదర్శనగా రంగప్రవేశం చేసింది. పర్వతప్రాంతపు దుస్తులను నిలబెట్టుకోవాలనే మొదటి సంఘాన్ని 1883లో బైరిష్‌ట్సెల్ గ్రామంలో స్థాపించినవాడు యోజెఫ్ ఫోగల్ అనే బడిపంతులు. ధరించేవారు తగ్గిపోయినందువల్లనే గదా కాపాడే సంఘం అవసరమైనది! నేడు ఆక్టోబర్‌ఫెస్ట్‌లో కనిపించే తోలు నిక్కర్లు, పావడా మీద ముందుకుచ్చెళ్ళ వస్త్రం కట్టే డిర్న్‌డల్ దుస్తులు అనాదిగా అక్కడ ఉన్నవని వచ్చినవారు అనుకొంటారు. ఇప్పుడు కనిపించేంత విస్తారంగా యువతీయువకులు వాటిని ధరించడం గడచిన కొద్ది దశాబ్దాల మాట.

ఈ ఆక్షేపణ సత్యమే. కాని దానితో విషయం ముగియదు. ఏ ఆచారమైనా ఎప్పుడో ఒకనాడు కొత్తదే. రెండు వందల ఏండ్ల కిందట పుట్టినదానిని మాన్యమని, పదిహేనేండ్ల కిందట పుట్టినదానిని కృత్రిమమని అనడానికి వయస్సు ఒక్కటే కొలమానమైతే, కాలం గడిస్తే చాలు, అబద్ధం కూడా సంప్రదాయమవుతుంది. పుట్టినతేదీ కంటె ముఖ్యమైన ప్రశ్నలు రెండున్నాయి. ఆ గతం ఎవరిని గుర్తుంచుకొన్నది, ఎవరిని మరచిపోయింది? అది జనంచేత ఏమైనా చేయిస్తున్నదా, లేక చూపించి పంపివేస్తున్నదా?

మొదటి ప్రశ్నకు డిర్న్‌డల్ కథే సాక్ష్యం. పల్లెపనుల దుస్తులను పట్టణపు సొగసుగా మలచి ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యులు యూలియస్, మోరిట్స్ వల్లాఖ్ అనే సోదరులు. వారు యూదులు. మ్యూనిక్‌లో వారి జానపద వస్త్రాలయం ప్రసిద్ధికెక్కింది. 1910లో ఉత్సవ శతవార్షికోత్సవ సందర్భంగా సాగిన వేషధారుల ఊరేగింపుకు దుస్తులు సమకూర్చినది వారే. నాజీల పాలన వచ్చింది. 1933లో యూదులు ఉత్సవ మైదానంలో పనిచేయరాదని నిషేధించారు. 1938లో వల్లాఖ్ సోదరుల వ్యాపారం వారి చేతులు దాటిపోయింది. అదే ఏట ఆస్ట్రియాలోని సాల్ట్స్‌బుర్గ్ నగరంలో యూదులు ఆ జానపద దుస్తులు ధరించరాదని పోలీసులు ఆజ్ఞ జారీ చేశారు. మోరిట్స్ దేశం విడిచి పోయాడు. సోదరులలో మరొకడైన మాక్స్, అతని భార్య నాజీల మారణకాండకు బలి అయ్యారు. ఒక జాతికి దుస్తులు తొడిగిన చేతులనే, ఆ దుస్తులు మీవి కావని అన్నారు. ఇంతటి క్రౌర్యాన్ని లోపల దాచుకొన్న వస్త్రాన్ని 'పాత మంచి రోజుల' గుర్తుగా మాత్రమే చూడడం అర్ధసత్యం. అర్ధసత్యపు గతస్మృతి తియ్యగా ఉంటుంది, అపాయకరంగా కూడా ఉంటుంది. ఎందుకంటే 'మన పూర్వకాలం' అనే మాటను వాడుకొనే నాయకులకు అంత తీపి చాలు.

ప్రధాన ద్వారం వద్ద మరొక జ్ఞాపకం ఉన్నది. 1980 సెప్టెంబరు 26 రాత్రి అక్కడ బాంబు పేలింది. పెట్టినవానితో సహా పదముగ్గురు మరణించారు, రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. అది మితవాద తీవ్రవాద ప్రేరితమని జర్మనీ ప్రభుత్వ న్యాయవాద కార్యాలయం తేల్చి చెప్పడానికి నలభై ఏండ్లు పట్టింది. 2020లో ఆ చోట వివరాలతో కూడిన స్మారక స్థలం ఏర్పడింది. మైదానపు ఒక కొసన ఆ స్మారకం, మరొక కొసన చెక్కగుర్రాల ఆవరణ. యాత్రికుడు రెండింటినీ చూసినప్పుడే ఆ మైదానాన్ని చూసినట్లు. అయితే ఎక్కువమంది మొదటిదానిని దాటి నడిచిపోతారనడంలో సందేహం లేదు. పండుగకు వచ్చినవారు దుఃఖం వెదుక్కోరు; అది మానవ స్వభావం, దానిని నిందించలేము.

ఇక రెండవ ప్రశ్న. కంచె వెలుపల, ఆ హోరులోనే, ఎవరూ పాతవని చాటని పాతవి కొన్ని ఉన్నాయి. క్రినోలీన్ అనే రంగులరాట్నం 1924 నుంచి ఆ మైదానంలో ఉన్నది. పూర్వం పావడాలను గుండ్రంగా నిలిపే చట్రం పేరది. ఆ పావడా ఊగినట్లుగా రాట్నం పైకి కిందికి ఊగుతూ తిరుగుతుంది. 1938లో మోటారు అమర్చే వరకు బలమైన మనుషులు దానిని చేతులతో తిప్పేవారు. నేటికీ అక్కడ వాద్యబృందం ప్రత్యక్షంగా వాయిస్తూ ఉంటుంది. 'దయ్యపు చక్రం' అని పేరుగల మరొక ఆట 1910 నాటిది. నున్నటి చెక్కచక్రం మీద కూర్చొన్నవారిని అది తిరుగుతూ ఒక్కొక్కరినే జారవిడుస్తుంది. జారినవారు, చూసేవారు సమానంగా నవ్వుతారు. షిఖ్టల్ అనే గారడీ ప్రదర్శనశాల 1869 నుంచి ప్రసిద్ధం. ప్రేక్షకులలో ఒకరిని పిలిచి, తల నరికినట్లు భ్రమింపజేయడం దాని ప్రత్యేకత. వీటికి కంచె లేదు, గతాన్ని చూపే బల్లలు లేవు. అవి ఏనాడూ మానలేదు గనుక పునరుద్ధరణ అవసరం కలుగలేదు. ఈ దృష్టితో చూస్తే, వాడుకలో మిగిలినదే నిజమైన పాతది, కంచె లోపలిది దాని పటం మాత్రమే అనిపిస్తుంది.

అయినా ఆ తీర్పు కంచె లోపలి వారికి కొంత అన్యాయం చేస్తుంది. అక్కడి డేరాలలో మధ్యను నాట్యానికి చెక్కనేల పరచి ఉంటుంది. వాద్యబృందం 'ట్స్వీఫాఖర్' ఎత్తుకొంటుంది. ఇది బవేరియా జానపద నృత్యాలలో విలక్షణమైనది. దీని నడక ఒక పాదంలో రెండు మాత్రలుగా, మరొక పాదంలో మూడు మాత్రలుగా మారుతూ ఉంటుంది. చతురశ్ర, త్రిశ్ర గతులు ఒకే పాటలో ఒకదాని వెంట ఒకటి వచ్చినట్లు. ఎక్కడ మారుతుందో దానికి ఒకే నియమం లేదు, ఏ పాటది ఆ పాటకే. పాట తెలియనివానికి అడుగు తప్పుతుంది. దీనిని చూసి నేర్చుకోలేరు, కొని ధరించలేరు. తప్పటడుగులు వేసి, పక్కవారి కాలు తొక్కి, క్షమాపణ చెప్పుకొని, మళ్ళీ మొదలుపెట్టి నేర్చుకోవాలి. అంతవరకు ఊరక చూస్తూ కూర్చొన్న విశ్రాంత ఉద్యోగి లేచి ఒక విద్యార్థినికి అడుగులు నేర్పడం, ఆమె రెండవ పాటకే తప్పకుండా వేయడం వంటివి అక్కడ అపురూపం కాదు. ఆ క్షణంలో వారిద్దరి మధ్య చేతులు మారినది పటం కాదు, వస్తువే.

మరొక డేరాలో జానపద గాయకులు ఎదుట కూర్చొన్నవారిని ఎగతాళి చేస్తూ అప్పటికప్పుడు నాలుగు పాదాల పద్యాలు కట్టి పాడతారు. పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలోను, ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలోను మ్యూనిక్ పానశాలలలో ఇటువంటి గాయకులు వందల సంఖ్యలో ఉండేవారు. మహాహాస్యనటుడు కార్ల్ వాలెంటిన్ ఆ వాతావరణం నుంచి వచ్చినవాడే. అతడు 1948లో మరణించాడు. ఆ కళ కూడా ఇంచుమించు అతనితోనే పోయిందని అందరూ అనుకొన్నారు. అచ్చులో పద్యం నిలుస్తుంది గాని ఆశువుగా పుట్టే పద్యానికి ఎదుట మనిషి కావాలి, ఆ మనిషికి ఆ యాస తెలియాలి. కంచె వేసి, రుసుము తీసుకొని, హోరును బయట నిలబెట్టినందుననే ఇప్పుడా యాసలోని చమత్కారం చెవిని పడుతున్నది. వెలుపలి డేరాలో ఎనిమిది వేల కంఠాల నడుమ దానిని పాడితే ఎవరు వింటారు? కాబట్టి ఆ కంచెను అంగడి గోడ అని మాత్రమే అనడం సరికాదు; నారుమడికి కట్టిన దడి అని కూడా అనవచ్చు. ఏ రోజున ఏది అవుతుందనేది లోపలికి వెళ్ళినవాడు కూర్చొంటాడా, లేచి అడుగు వేస్తాడా అనేదానిపై ఆధారపడి ఉంటుంది.

ఈ పాత పచ్చికకు ఒక వింత విధి ఉన్నది. 1811లో మొదలైన వ్యవసాయ ప్రదర్శన నేటికీ అంతరించలేదు. నాలుగేండ్ల కొకసారి అది అదే మైదానంలో, సరిగ్గా ఆ దక్షిణ భాగంలోనే జరుగుతుంది. ఆ ఏడు గతస్మృతుల ఆవరణ ఖాళీ చేసి తప్పుకోవలసిందే. 2012లోను, 2016లోను అలాగే జరిగింది. 2024లో కూడా చెక్కగుర్రాల రాట్నాలు రాలేదు. వాటి స్థానంలో కట్టుగొయ్యలు పాతారు; ఆవులు, గుర్రాలు, ట్రాక్టర్లు, పాల ధరను గురించి వాదించుకొనే రైతులు వచ్చారు. 1811 నాటి అతిథులు, 2010 నాటి జ్ఞాపకాలను తొలగించి తమ చోటును తాము తీసుకొన్నారు. అక్కడ టిక్కెట్టు కొని వచ్చిన పట్టణపు పిల్లలు బతికి ఉన్న ఆవును దగ్గరగా చూసి, దాని తడిముక్కు తాకి, చేయి వెనక్కు తీసుకొన్నారు. పక్కనే నిలిచిన రైతుకు అది పండుగ వేషం కాదు. సాయంత్రం పాలు పితికే వేళ దాటిపోతున్నదని అతని తొందర. 2025లో మళ్ళీ కంచె వెలసింది, చెక్కగుర్రాలు తిరిగివచ్చాయి.